చాకు ‘టక్‌’మంటోందా?

మామిడిపళ్ల రోజులు. ఇంటిల్లిపాదీ వరండాలో చేరారు. మా బాబాయి జేబులోంచి ఎర్రపిడి మడతచాకు తీశాడు. అన్నయ్య అమెరికా నుంచి వస్తూ తెచ్చిచ్చింది. పళ్లు కోయడం అయింది. మూయబోతే చాకు కదల్లేదు. బలంగా నొక్కాడు... అంతే! ఒక్కసారిగా వదులై చూపుడువేలి మీదికి దిగింది. మూడు కుట్లు పడ్డాయి.

తప్పు చాకుది కాదు. అంతకుముందు ఏడాది కోసిన మామిడిపళ్ల రసానిది!

మామూలు మడతచాకులో తాళం లాంటిదేమీ ఉండదు. పిడి వెన్నులో ఓ ఉక్కు స్ప్రింగు ఉంటుంది. బ్లేడు మొదట్లో చదునుగా ఉన్నచోట అది ఆనుకుంటే చాకు నిలబడుతుంది. తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ బ్లేడు మొదలు ఆ స్ప్రింగును నెట్టుకుంటూ తిరుగుతుంది. చదును మళ్లీ తగలగానే ‘టక్‌’! ఆ సందులో పండ్లరసం, జేబులోని నూలుపోగులు, దుమ్ము చేరి గట్టిపడితే టక్‌ పోతుంది. మనం బలం పెంచుతాం. వేలు తెగేది అక్కడే.

స్విట్జర్లాండ్‌లో కార్ల్‌ ఎల్సెనర్‌ 1897లో నమోదు చేయించిన ఆఫీసర్ల చాకు గొప్పదనమూ ఈ స్ప్రింగులోనే ఉంది. ఒకే స్ప్రింగు పిడికి రెండువైపులా ఉన్న పనిముట్లను పట్టి ఉంచుతుంది. విక్టోరినాక్స్‌ చాకుల మూలం అదే.

ఇంతకీ శుభ్రం చేయడమెలా? ప్లాస్టిక్‌ పిడి అయితే గోరువెచ్చని నీళ్లలో చాకును ముంచి, లోపలే పదిసార్లు తెరిచి మూయండి. వేళ్లు మాత్రం పిడికి రెండు పక్కలా ఉండాలి, గాడి మీదికి రాకూడదు. మొండి మురికి ఉంటే పాత టూత్‌బ్రష్‌ పెట్టండి. తర్వాత పొడిగుడ్డతో తుడిచి, తెరిచే ఉంచి బాగా ఆరనివ్వండి. అప్పుడు బ్లేడు, స్ప్రింగు కలిసేచోట ఒక్క చుక్క నూనె. ఒక్కటే! ఎక్కువైతే దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది.

ఏ నూనె? వంటింటివైపు చూడకండి. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు కొన్నాళ్లకు జిగురవుతాయి. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది. పళ్లు కోసే చాకుకు తినే వస్తువులకు తగిలినా ఫర్వాలేని మినరల్‌ ఆయిల్‌ మేలు. కుట్టుమిషను నూనె పనిచేస్తుంది కానీ, అది వాడితే పండు ముట్టుకునే ముందు బ్లేడును సబ్బుతో కడగాల్సిందే.

కర్రపిడి చాకును నీళ్లలో ముంచకూడదు. ఫ్రాన్స్‌లోని సవాయ్‌ ప్రాంతంలో 1890లో పుట్టిన ఒపినెల్‌ చాకునే తీసుకోండి. దానికి వెన్ను స్ప్రింగు ఉండదు. తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా 1955లో మెడ దగ్గర తిప్పే ఉంగరం పెట్టారు. తడికి కర్ర ఉబ్బితే బ్లేడు లోపలే ఇరుక్కుంటుంది. అక్కడివాళ్లు పిడి చివర బల్లకేసి తడతారు, బ్లేడు కాస్త బయటికొస్తుంది. ‘సవాయ్‌వాడి దెబ్బ’ అని దానికో పేరు కూడా! అదే దేశపు లాగ్యోల్‌ చాకులది ఇంకో తీరు. వాటిని టక్‌మని వదిలేయకుండా చేత్తో మెల్లగా దించి మూయమంటారు. లేకపోతే పదును వెళ్లి లోపలి స్ప్రింగుకు తగిలి మొద్దుబారుతుంది.

శుభ్రం చేశాక కూడా బ్లేడు పక్కలకు ఊగుతుంటే రివెట్‌ వదులైనట్టు. ఇంట్లో సుత్తి తీయకండి. ఓ దెబ్బ ఎక్కువైతే చాకు మళ్లీ బిగుసుకుంటుంది. తెలిసినవాళ్లకు ఇవ్వడమే మంచిది.

బాబాయి చాకును గోరువెచ్చని నీళ్లలో తిప్పితే నల్లటి పీచు బయటికొచ్చింది. ఇప్పుడు చక్కగా టక్‌మంటోంది. మామిడిపళ్లు మాత్రం పిన్ని కత్తిపీట మీదే కోస్తోంది.