ఐడిలింగ్‌లో నల్లపొగ: కార్బ్యురేటర్‌ను సరిచేయు విధానం

2020 ఏప్రిల్ 1 తరువాత తయారైన మోటారు సైకిళ్లలో ఇంధనాన్ని కొలిచే పని దాదాపుగా ఎలక్ట్రానిక్ యంత్రాంగానికి మారింది. పొలానికీ సంతకూ తిరిగే పాత బండ్లు మాత్రం నేటికీ కార్బ్యురేటర్‌పైనే నడుస్తున్నాయి. వాటిలో కొన్నింటికి వేగం కోసం పెద్ద కార్బ్యురేటర్ బిగించడం యువకులకు పరిపాటి. బిగించిన తరువాత బండి పరుగెత్తుతుంది. నిలిపినప్పుడు మాత్రం గుక్కపట్టి, పెట్రోలు వాసన కొట్టి, నల్లపొగ వదిలి ఆగిపోతుంది. ప్లగ్ విప్పి చూస్తే పొడి మసి పట్టి ఉంటుంది.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. గాలి పాలు తగ్గితే మండని పెట్రోలు సిలిండరు గోడలపై నూనె పొరను కడిగివేస్తుంది. పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి. కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరుగుతుంది. అందుచేత తలుపులు మూసిన కొట్టంలో ఇంజను నడుపుతూ ఈ పని చేయడం ప్రాణాంతకం.

చాలామంది ముందుగా మెయిన్ జెట్ మారుస్తారు. అది వృథా ప్రయాస. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలును అందించేది పైలట్ జెట్. మెయిన్ జెట్‌కు ఆ సమయంలో పనే లేదు. స్క్రూ ముట్టుకొనే ముందు చోక్ పూర్తిగా మూసుకుంటున్నదా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడిపోయిందా అని చూడాలి. తరువాత ఇంజను నడుస్తుండగా పెట్రోలు ట్యాప్ కట్టివేయాలి. గిన్నెలో పెట్రోలు తగ్గేకొద్దీ ఇంజను కొంతసేపు నిలకడగా నడిస్తే, దోషం ఫ్లోట్ మట్టంలోనో, దాని సూది అరుగుదలలోనో ఉండే అవకాశమే ఎక్కువ.

ఇవి సరిగా ఉంటేనే స్క్రూ వంతు. అది ఫిల్టర్ వైపు ఉంటే సాధారణంగా గాలి స్క్రూ: బయటికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ: లోపలికి తిప్పితేనే పలచబడుతుంది. ఈ భేదం తెలియక తిప్పితే రోగం ముదురుతుంది.

ఇంజను బాగా వేడెక్కిన తరువాత స్క్రూను మెల్లగా చివరివరకు మూసి (గట్టిగా బిగిస్తే మొన చెడుతుంది) ఒకటిన్నర చుట్టు తెరవాలి. ఐడిలింగ్ స్క్రూతో వేగం కొద్దిగా పెంచి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి వినాలి. ఇంజను అత్యంత వేగంగా, నిలకడగా పలికే చోట ఆపి, ఐడిలింగ్‌ను మళ్లీ తగ్గించాలి.

గాలి స్క్రూ మూడు చుట్లు దాటినా, పెట్రోలు స్క్రూ దాదాపు మూసుకున్నా మిశ్రమం చిక్కగానే ఉంటే పైలట్ జెట్ పెద్దదని అర్థం. జెట్‌పై అంకె ఉంటుంది. అదే రకంలో ఒక మెట్టు తక్కువ అంకె జెట్ వేసి, స్క్రూను మొదటినుండి సవరించాలి. జెట్ రంధ్రంలో తీగ దూర్చరాదు. రంధ్రం పెద్దదైతే పెట్రోలు మరింత పారుతుంది.