కడుపు మంటకు సూది మందు: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం



యుఏఈలో పనిచేస్తున్న మనవాళ్లలో చాలామంది గుండెల్లో మంట, పులి త్రేన్పులు, కడుపు ఉబ్బరం అంటూ క్లినిక్కుకు వెళ్తుంటారు. వెళ్లగానే "డాక్టర్ సాబ్, ఒక సూది వెయ్యండి, రేపు డ్యూటీ ఉంది" అని అడుగుతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ సూది వేయించుకున్న అలవాటు ఇక్కడికీ మనతో వస్తుంది. గోళీ కంటే సూదికి బలం ఎక్కువ అనే నమ్మకం కూడా ఉంది. ఈ నమ్మకం సరైనది కాదు. ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా తెస్తుంది. కాబట్టి ఈ సూది గురించి మీరు తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ ఇస్తున్నాము. చదవలేని మీ గదిలోని వారికి చదివి వినిపించగలరు.

ఈ సూది ఏమి చేస్తుంది?

తిన్నది అరగడానికి మన కడుపు లోపలి పొర యాసిడ్‌ను తయారు చేస్తుంది. ఆ పొరలో యాసిడ్‌ను బయటికి తోడే చిన్న చిన్న పంపుల వంటివి ఉంటాయి. పాంటాప్రజోల్, ఇసోమెప్రజోల్ అనే మందులు ఆ పంపులను ఆపుతాయి. యాసిడ్ తగ్గితే పుండు మానడానికి వీలు కలుగుతుంది.

ఈ మందులు గోళీగానూ, సూదిగానూ దొరుకుతాయి. మందు ఒక్కటే, లోపలికి పోయే దారి వేరు. 40 మి.గ్రా. పాంటాప్రజోల్ రోజూ గోళీగా మింగినా, నరానికి సూదిగా ఇచ్చినా యాసిడ్ తగ్గేది దాదాపు సమానమే. మింగగలిగిన మనిషికి సూది వల్ల అదనపు లాభం లేదు.

మనకు బాగా తెలిసిన రానిటిడిన్ వేరే రకం మందు. అందులో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న ఎన్‌డీఎంఏ అనే పదార్థం కనిపించడంతో, 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దానిని పూర్తిగా మార్కెట్ నుంచి తీసివేయమని కంపెనీలను కోరింది. ఊరి నుంచి తెచ్చుకున్న పాత రానిటిడిన్ మీ పెట్టెలో ఉంటే డాక్టరుకు చూపించకుండా వాడకండి.

సూది ఎవరికి అవసరం?

1. ఆగని వాంతుల వల్ల గాని, ఆపరేషన్ వల్ల గాని, స్పృహ లేకపోవడం వల్ల గాని గోళీ మింగలేని వారికి.
2. అల్సర్ పగిలి కడుపులో రక్తం కారుతున్న వారికి. వీరికి గొట్టంతో కడుపు లోపల చూసి, అంటే ఎండోస్కోపీ చేసి, రక్తం ఆపుతారు. ఆ తర్వాత అవసరమైతే ఈ మందును 72 గంటలపాటు డ్రిప్‌లో ఎక్కిస్తారు.
3. జోలింగర్-ఎలిసన్ అనే అరుదైన జబ్బు వల్ల కడుపులో విపరీతంగా యాసిడ్ తయారయ్యే వారికి.

అంటే ఇది ఆసుపత్రిలో ఇచ్చే మందు. మామూలు మంటకు, త్రేన్పులకు గోళీ సరిపోతుంది. రోగి మింగగలిగిన వెంటనే డాక్టర్లు కూడా సూది ఆపి గోళీకి మారుస్తారు. రిఫ్లక్స్ జబ్బుకు ఈ సూదిని సాధారణంగా 7 నుంచి 10 రోజులకు మించి ఇవ్వరు.

ఎలా ఇస్తారు? మీరు ఏమి చూసుకోవాలి?

పాంటాప్రజోల్ సూది పొడి రూపంలో సీసాలో వస్తుంది. దానిని సెలైన్‌లో కలిపి నరానికి మాత్రమే ఇస్తారు. కండకు ఇవ్వకూడదు. నేరుగా ఇస్తే కనీసం 2 నిమిషాలు, డ్రిప్‌లో అయితే సుమారు 15 నిమిషాలు పడుతుంది. సూది గుచ్చిన చోట మంట, వాపు, ఎరుపు వస్తే నర్సుకు చెప్పండి. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా చెప్పండి.

ముందుగానే డాక్టరుకు ఈ విషయాలు చెప్పవలెను: ఏ మందైనా పడకపోవడం, కాలేయ జబ్బు, గర్భం, మీరు వాడే ఇతర మందులు. ముఖ్యంగా రక్తం పలచబడే వార్ఫరిన్, గుండెకు స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్, హెచ్‌ఐవీ మందులు వాడుతుంటే దాచవద్దు. కొన్ని యాసిడ్ మందులు వీటితో పడవు.

క్యాంపు గదిలో, తెలిసినవాడు కదా అని, లైసెన్సు లేని మనిషి చేత సూది వేయించుకోవద్దు. అది చట్టవిరుద్ధం. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అంటుకోవచ్చు.

ఇది గ్యాస్ కాకపోవచ్చు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. గుండెపోటు కూడా ఛాతీలో మంటగా, పై కడుపులో నొప్పిగా మొదలు కావచ్చు. కింది లక్షణాలు ఉంటే గ్యాస్ అని సరిపెట్టుకోకండి:

– ఛాతీ మీద బరువు పెట్టినట్లు, నొక్కినట్లు ఉండడం
– నొప్పి ఎడమ చేతికి, భుజానికి, దవడకు, వీపుకు పాకడం
– చల్లని చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం

సూది వేశాక నొప్పి కాస్త తగ్గినా అది గుండెనొప్పి కాదని చెప్పడానికి వీలు లేదు. ఈసీజీ, రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. "ఈసీజీ తీయండి" అని మీరే అడగండి. షుగర్ ఉన్నవారికి నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు, కాబట్టి వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

రక్తం వాంతి కావడం, వాంతి కాఫీ పొడి రంగులో ఉండడం, విరేచనం తారులాగా నల్లగా, జిగటగా, దుర్వాసనతో రావడం కడుపులో రక్తస్రావానికి గుర్తులు. ఐరన్ గోళీలు వాడినా విరేచనం నల్లబడుతుంది. అయినా ఆ తేడా తేల్చవలసింది డాక్టరే.

ఈ గుర్తులు కనబడితే 998కు ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. ఒంటరిగా బయలుదేరవద్దు, బస్సు కోసం ఎదురు చూడవద్దు. హిందీలో "ఛాతీ మే దర్ద్ హై", అరబీలో "అలమ్ ఫిస్సద్ర్" అంటే ఛాతీలో నొప్పి అని అర్థమవుతుంది. క్యాంపు పేరు, గది నంబరు చెప్పండి.

మంట మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది?

తెల్లవారుజామున ఏమీ తినకుండా బస్సెక్కడం, చాయ్, సిగరెట్‌తోనే పొద్దు గడపడం, రాత్రి ఆలస్యంగా కారం కూర తిని వెంటనే పడుకోవడం మంటను పెంచుతాయి. పడుకునే ముందు 2, 3 గంటల వ్యవధి ఉంచండి. మంచం తలవైపు కాళ్ల కింద 15 నుంచి 20 సెం.మీ. ఎత్తు పెట్టండి. రెండంతస్తుల మంచమైతే మాత్రం అలా లేపకండి, అది పడిపోగలదు. ఎడమ వైపు తిరిగి పడుకున్నా కొంత ఉపశమనం ఉంటుంది.

ఒళ్లు నొప్పులకు రోజూ మింగే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వంటి గోళీలు అల్సర్‌కు పెద్ద కారణం. పనడాల్ వల్ల ఆ భయం లేదు, కాని అది కూడా చీటీపై రాసిన మోతాదు దాటకూడదు. ఇంకో కారణం హెచ్. పైలోరి అనే క్రిమి. దీనికి పరీక్ష ఉంది. యాంటీబయాటిక్స్‌తో కలిపి సాధారణంగా 14 రోజుల కోర్సు ఇస్తారు. సూదులు ఎన్ని వేయించుకున్నా ఈ క్రిమి పోదు.

పాంటాప్రజోల్ గోళీని తినడానికి అరగంట ముందు, నమలకుండా మింగాలి. పూర్తి గుణం కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఒక్క రోజుకే పని చేయలేదని మానవద్దు. అలాగని డాక్టరును అడగకుండా నెలల తరబడి కూడా వాడవద్దు. ఎక్కువ కాలం వాడితే ఒంట్లో మెగ్నీషియం, బి12 తగ్గవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు.

మీ హక్కులు

అబుధాబి, దుబాయిలలో ముందునుంచే ఉన్న ఆరోగ్య బీమా నిబంధన 2025 జనవరి 1 నుంచి మిగిలిన ఎమిరేట్లకు కూడా వచ్చింది. వీసా ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు యజమాని మీకు బీమా చేయించాలి. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, ప్రొబేషన్ ముగిసిన కంపెనీ కార్మికునికి సంవత్సరానికి 90 రోజుల వరకు సిక్ లీవు ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగతావి జీతం లేకుండా. జబ్బు సంగతి 3 పని దినాలలోపు యజమానికి తెలియజేసి, మెడికల్ రిపోర్టు ఇవ్వవలెను. ఇళ్లలో పనిచేసేవారికి వేరే చట్టం ఉంది. కాబట్టి జీతం పోతుందనే భయంతో సూది వేయించుకుని సైటుకు పరుగెత్తవలసిన పని లేదు.

క్లినిక్కు నుంచి వచ్చేటప్పుడు మందుల చీటీ, రిపోర్టు అడిగి తీసుకోండి. ఏ సూది వేశారో పేరు రాయించుకోండి. చికిత్స విషయంలో గాని, లీవు విషయంలో గాని ఇబ్బంది వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 800 46342కు ఫోన్ చేయగలరు.

గమనిక: ఈ సమాచారం మీ అవగాహన కోసమే. డాక్టరు సలహాకు ఇది బదులు కాదు. క్లినిక్కుకు వెళ్లినప్పుడు "సూది వెయ్యండి" అని అడగడానికి బదులు "నాకు ఏమైందో చూడండి" అని అడగండి.