అడవి గడ్డ ఎవరిది?

"గడ్డ గడ్డే గదా అన్నా, ఏరుకూ దానికీ ఫరకేంది?" మొగుళ్లపల్లిలో పత్తి చేను గట్టు మీద సద్ది తింటూ ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. నేనూ పెద్దగా బడికి పోయినవాణ్ణి కాదు. చేతికి తెలిసిన దాంతోనే జవాబు చెప్పుకుందాం.

ఆలుగడ్డ మట్టిలో ఊరినా అది వేరు కాదు, కాండం. దాని మీది కళ్లే అందుకు సాక్ష్యం. కన్ను ఉండేటట్టు ముక్క కోసి పాతితే మొలుస్తది. కంద, చేమ కూడా కాండం జాతివే. ముల్లంగి, మొరంగడ్డ మాత్రం ఉబ్బిన వేళ్లు. కర్రపెండలమూ అంతే. దాని గడ్డ పాతితే మొలవదు, కర్ర ముక్కే నాటాలి.

మన అడవుల్లో తవ్వుకునేవాటిలో పెండలం జాతి తీగగడ్డలు ముఖ్యం. నల్లమల చెంచులను తరతరాలుగా బతికించినవి ఇవే. మా అమ్మ గడ్డపారతో తవ్వి, తీగ అంటుకున్న తలభాగాన్ని తిరిగి గుంతలో పెట్టి మన్ను కప్పేది. "రేపటేడు గూడ ఆకలైతది బిడ్డా" అనేది. ఒకనాడు అడవి సిబ్బంది ఒకాయన ఆ గడ్డపారే గుంజుకున్నాడు. ఆ రాత్రి మా పొయ్యి వెలగలేదు.

ఒక హెచ్చరిక. కొన్ని అడవి గడ్డలు విషం. తెలిసినవాళ్లు వాటిని సన్నగా కోసి, ఉడికించి, పారే నీళ్లలో నానబెట్టి విషం తీస్తారు. తెలియని గడ్డను ఆకలి మీద నోట పెట్టొద్దు. ఆలుగడ్డ సైతం పచ్చబడితే పారేయాల్సిందే. దక్షిణ అమెరికా కొండల్లోని చేదు అడవి గడ్డను వేల ఏండ్ల కింద మచ్చిక చేసింది అక్కడి ఆదివాసీ రైతులే. అది ఏ దొర కనిపెట్టింది కాదు.

ఇక హక్కు మాట. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంలో వేళ్లనూ, దుంపలనూ పేరుపెట్టి చేర్చింది. వాటిని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు అడవిపై ఆధారపడ్డ ఆదివాసులది. ఆదివాసేతరులైతే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, అక్కడ ఉన్నట్టు చూపాలి. సామూహిక హక్కు దరఖాస్తు ఫారం 'బి'. దాన్ని ఇచ్చేది గ్రామసభకు.

భూపాలపల్లి, తాడ్వాయి అడవుల అంచు ఊళ్లలో ఈ మాట ఇంటింటికీ చేరాలి. ముసలవ్వల నుంచి గడ్డల పేర్లు రాసుకోండి, గ్రామసభలో చదవండి. గడ్డపార గుంజుకోవడానికి వచ్చినోనికి ఆ చట్టం చూపించండి.