పెద్ద సంసారముతో మ్యూజియమునకు

వేసవి సెలవులు వచ్చినంతనే పట్టణములవారు పల్లెలకును, పల్లెలవారు పట్టణములకును బ్రయాణమగుట మన యాచారము. మా కొలకలూరి యింట నీ దినములందు విస్తళ్లు పదునాలుగింటికిఁ దక్కువపడవు. ఇంత సంసారమును వెంటఁబెట్టుకొని మ్యూజియమునకుఁ బోవుదమనిన నవ్వువారే యెక్కువ. గుడికిఁ బోవచ్చును, సినిమాకుఁ బోవచ్చును గాని, పగిలిన ఱాళ్లఁ జూచుటకుఁ బసిబిడ్డలతో నేల యందురు.

సోదరీమణులారా! ఱాళ్లది తప్పు గాదు. ఇట్టి ప్రయాణములలో నిజముగా నేమియుఁ జూడనిది గృహిణి. చంకలో బిడ్డ, చేత మంచినీళ్ల సీసా, కన్నులు పరుగెత్తు పిల్లలపైన. పురుషులు గోడమీఁది వివరములు చదువుచుండఁగా నామె తలలు లెక్కపెట్టుచుండును. ఇంటికి వచ్చిన పిదప నేమి చూచితివని యడిగినచో, గుమ్మము తప్పఁ జెప్పుటకు వేఱేమియు నుండదు.

హైదరాబాదులోని సాలార్జంగు మ్యూజియమునకుఁ బోయినవా రీ మాట యొప్పుకొందురు. 1951లోఁ దెఱవఁబడిన యా ప్రదర్శనశాలలో గదులు ముప్పదికిఁ బైఁబడినవి. గంట కొట్టు బొమ్మ గడియారముకడఁ గూడు జనములోఁ బిల్లల చేయి వదలరాదు. మేలిముసుఁగు వేసికొన్న రెబెక్కా పాలఱాతి ప్రతిమను దీఱికగాఁ జూచుటకుఁ దల్లికి వీలెక్కడిది? ఒక్కపూటలో నన్నియుఁ జూడఁబూనినచో మయసభలో సుయోధనునివలెఁ దిరుగుటయే మిగులును.

అందుచే మేము దగ్గఱనున్న యమరావతినే కోరుకొంటిమి. గుంటూరు మీఁదుగాఁ బ్రొద్దుటఁ బోయి సాయంకాలమునకు మరలవచ్చును. కేంద్ర పురావస్తుశాఖవారి యీ మ్యూజియమునకు శుక్రవారము సెలవు. పదునైదేండ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. పెద్ద సంసారమునకిది చిన్న యుపకారము గాదు.

బస్సెక్కకముందే మా యత్తగా రొక కట్టడి చేసిరి. "మొదట నాఁడువారు లోనికిఁ బోవుదురు. అంతవఱకుఁ బిల్లల నందఱను మగవారే చూచుకొనవలయును. తరువాత వారి వంతు." బావగారు కొంత గొణిగిరి గాని, యత్తగారి మాటకు మాఱుమాట మా యింట లేదు.

తోడికోడలును, ఆడుబిడ్డయు, నేనును వట్టి చేతులతో లోనికిఁ బోయితిమి. ఆ తేలికదనమే మాకొక వింత! పూర్ణకుంభపు ఫలకముకడ నత్తగారు నిలిచిపోయిరి. నిండు కడవ, దాని మూతినుండి పొంగి వచ్చు తామరలు. "మన గృహప్రవేశపుఁ గలశమే గదే!" యనిరి. 2018లో నాంధ్రప్రదేశము స్వీకరించిన రాజముద్ర నడుమ నున్నదియు నీ కుంభమే.

ఆ మహాచైత్యమునకు ఱాళ్లిచ్చినవారు రాజులే కారు. బ్రాహ్మీలిపిలో, బ్రాకృతభాషలో నున్న దానశాసనములందు భిక్షుణులును, గృహపతుల భార్యలును గన్పట్టుదురు. విధికుఁడను చర్మకారుఁడు, నాగుఁడను నుపాధ్యాయుని కుమారుఁడు, పూర్ణఘట ఫలక మొకటి దానమిచ్చి, తల్లిని, భార్యను, అన్నదమ్ములను, కొడుకును, కూఁతుండ్రను దనతోఁ జేర్చి చెక్కించెను. ఇంటిల్లిపాదియు ఱాతికెక్కినది! మావారు బడిపంతులు గావున, ఉపాధ్యాయుని పేరు వేయేండ్లకుఁ బైగా నిలిచెనని మురిసిరి. కొడుకు పేరును జెక్కినవారు తల్లి పేరును, భార్య పేరును జెక్కకపోయిరి గదా యని నాకుఁ దోఁచినది. మా ఆడుబిడ్డయు నదే మాట యనినది.

పిల్లల వంతు వచ్చినపుడు లేమల్లెనుండి తెచ్చిన నిలువెత్తు వృషభమే వారికిఁ బ్రాణమైనది. కాని ప్రక్కనున్న చైత్యపు దిబ్బను జూచి చిన్నఁబోయిరి. తక్కిన ఱాళ్లేవని యడిగిరి. ఇట్టిచోట దాఁచరాదు. 1797లో మెకంజీ దొర వచ్చునప్పటికే దిబ్బను ద్రవ్వి కట్టడములకు ఱాళ్లు గొంపోవుచుండిరి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసునకుఁ బంపిన ఫలకములలోఁ బెక్కులు 1859లో లండనునకు నోడ యెక్కినవి; నేఁడు బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. మదపుటేనుఁగు బుద్ధునికడ మోఁకరిల్లు ప్రసిద్ధ ఫలకమును జూడవలెనన్నఁ జెన్నపట్టణము పోవలయును. "మనవి మన కియ్యరా?" యని మా చిన్నవాఁడడిగెను. ప్రతి ప్రశ్నకును బాఠము చెప్పు మావారు కండ్లద్దములు తుడుచుకొనిరి.

కృష్ణయొడ్డునఁ బులిహోరయు, బెరుగన్నమును దిని మరలితిమి.

వచ్చు సెలవులకు నాగార్జునకొండ యనుకొనుచున్నాము. 1954 మొదలు 1960 వఱకు నటఁ ద్రవ్వితీసినవానిని, సాగరపు నీట లోయ మునుఁగకముందే కొండపైకిఁ జేర్చిరి. ఆ కొండ నేఁడు ద్వీపము; లాంచిపైఁ బోవలయును. లాంచిలోఁ బిల్లలను బట్టుకొనుట యెవరి వంతో యిప్పుడే కాగితమున వ్రాసి వంటయింటి గోడకంటించితిని.