శరత్కాలపు ఆటస్థలము

వానలు వెనుకపట్టి ఆకాశము తుడిచిన యద్దమువలె తేటపడునప్పుడు మా సీమకు శరత్తు వచ్చినదని తెలిసికొందుము. కర్నూలు నల్లరేగడిలో ప్రత్తి పగులును. కడప యెఱ్ఱనేలలలో వేరుసెనగ చెట్లు పెఱుకుదురు. మధ్యాహ్నపుటెండ యింకను చురుక్కుమనుచునే యుండును గాని, ప్రొద్దు వాలినంతనే చల్లని గాలి వీచును. మన విశ్వవిద్యాలయములలో ఆటల పోటీలకును, పాటలకును, నాటకములకును అనువైన దినములివియే.

ఈ ఋతువులోనే మనము శరన్నవరాత్రులు జరుపుకొందుము. మూలానక్షత్రమునాడు పుస్తకములను, మహానవమినాడు ఆయుధములను పూజింతుము. విద్యయు వ్యాయామమును ఒక్క తల్లి ప్రసాదములేయని మన పెద్దలు తలంచిరి కాబోలు. అయినను ఆడుబిడ్డ చేతికి పుస్తకమిచ్చుటకు సమ్మతించిన మనము, ఆమె కాలికి ఆటస్థలమిచ్చుటకు వెనుదీయుచున్నాము. ఇతరులననేల? ఈ తప్పు మాయింట మేమే చేసితిమి.

మా యక్క కూతురు మాయింటనుండి చదువుకొనుచున్నది. పాఠశాలలో ఖోఖో బాగుగా ఆడెడిది. కళాశాలలో చేరిన పిమ్మట జట్టులోనికి పిలుపు రాగా, "మొగము నల్లబడును, మోకాలు చెడును, రేపు పెండ్లిచూపులకు వచ్చువారేమందురు?" అని మేము వద్దంటిమి. మావారు బడిపంతులు. "ఆడనిమ్ము" అని రెండుమాఱులు చెప్పి, మా పట్టు చూచి ఊరకుండిరి. ఏడాది తిరిగినపిదప, కార్తికమాసమున ఆ బిడ్డయే మమ్ము బలవంతపెట్టి విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు పోటీలు చూడ తోడ్కొనిపోయినది.

మేము ఇంట కావ్యములు చదువుకొన్న దినములలో ఈ రెండు జిల్లాలకును సొంత విశ్వవిద్యాలయము లేదు. 1954లో వెలసిన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమో, 1981లో ఏర్పడిన అనంతపురపు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమో దిక్కు. 2006లో కడపయందు యోగివేమన విశ్వవిద్యాలయమును, 2008లో కర్నూలునందు రాయలసీమ విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. అందుచేతనే మావంటి గృహిణులు ఉదయము వంట ముగించుకొని వెళ్లి, ఆటలు చూచి, రాత్రి భోజనమువేళకు ఇల్లు చేర కలుగుచున్నారు.

ఆనాడు మేము చూచినది బాలికల ఖోఖో. ఎఱుగని సోదరీమణులకొఱకు దాని తీరు చెప్పెదము. స్థలమునకు రెండు కొసల రెండు స్తంభములుండును. వాని నడుమ ఎనమండుగురు వరుసగా, ఒకరు ఇటును పక్కవారు అటును మొగములు పెట్టి కూర్చుందురు. తొమ్మిదవయామె తరుమును. ఎదిరిజట్టువారు ముగ్గురేసి చొప్పున లోనికి వచ్చి తప్పించుకొని తిరుగుదురు. తరుమునామె నడిమిగీత దాటరాదు. పట్టిన దిక్కు విడిచి వెనుకకు మరలరాదు. చిక్కరని తోచినప్పుడు కూర్చున్న చెలి వీపు తట్టి "ఖో" యనవలెను. ఆమె లేచి పరుగిడును. ఈమె ఆ చోట కూర్చుండును. ఎంత వేగము గలదైనను, తగిన క్షణమున తన పనిని మఱియొకతెకు అప్పగింప నేరనిచో జట్టు ఓడును. ఉమ్మడి సంసారములు నడపిన మనకు ఈ నీతి క్రొత్తది కాదు.

ఆట ముదిరిన కొలది మేము వయసు మఱచి కేకలు వేసితిమి. ప్రక్కకు చూడగా, మా బిడ్డ హద్దుత్రాటిని రెండుచేతుల బట్టుకొని, ప్రతి "ఖో"కును మడమ లేపుచు నిలిచియుండెను. "నీవును ఆడవలసినది గదమ్మా!" అని మా నోటినుండి వెడలెను. ఆమె మావైపు తిరుగకయే, "పోయినేడు నువ్వే గదా చిన్నమ్మా, వద్దంటివి" అనెను. ఆ మాటలో కోపము లేదు. ఉండినయెడల మాకు కొంత సులువుగా నుండెడిది.

ఆదిపర్వమున రాజకుమారులు అస్త్రవిద్య చూపిన రంగమునకు గాంధారియు కుంతియు వచ్చిరని చదివియే యుంటిమి. దీపావళినాడు నరకునిపై విల్లు పట్టిన సత్యభామ కథను పోతనగారి భాగవతమునుండి పిల్లలకు చదివి వినిపించితిమి. చదివిన చదువు ఇంటి గడప దాటలేదని ఆ త్రాటి ప్రక్కన తెలిసికొంటిమి.

లోకము మనకొఱకు ఆగలేదు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పు తుదిపోటీలో మన దేశపు స్త్రీలు నేపాలును 78-40 తేడాతో ఓడించిరి. అదే యేడు నవంబరు 2వ తేదీన నవీముంబయిలో స్త్రీల క్రికెట్టు ప్రపంచకప్పు గెలిచిన జట్టులో మా కడప జిల్లా బిడ్డ శ్రీచరణి యుండెను. ఎడమచేతితో బంతి త్రిప్పి ఆ పోటీలలో 14 వికెట్లు తీసినది. ఆమెకును ఇంట ఎవరో ఒకరు "ఆడుకొమ్మ"ని యుందురు గదా!

సాయంకాలము కళాప్రదర్శనములు చూచితిమి. లోహపు బిళ్లలు కూర్చిన చెక్కలు తాళము వేయుచు బాలికలు చెక్కభజన చేసిరి. పైనుండి వ్రేలాడు త్రాళ్లను ఆడుచు ఆడుచునే జడగా అల్లి, మరల చిక్కు పడకుండ విప్పు జడకోలాటమును జూచి మేము ఊపిరి బిగబట్టితిమి. విశ్వవిద్యాలయముల యువజనోత్సవములు మొట్టమొదట 1954లో ఢిల్లీలో జరిగినవట. నేడట్టి యుత్సవములలో సంగీతము, నృత్యము, నాటకము, వక్తృత్వములతోపాటు మన వాకిటి ముగ్గునకును పోటీ యున్నది. ప్రొద్దుటే అడుగుల క్రింద చెఱిగిపోవు మన ముగ్గును పరీక్షకులు వంగి వంగి చూచుట మాకెంతయు ముచ్చట గొలిపినది.

సోదరీమణులారా! రాబోవు శరత్తున మీ సమీపపు ప్రాంగణమునకు ఇద్దరు ముగ్గురు కూడి వెళ్లుడు. గొడుగును, మంచినీళ్లును, కర్నూలువారు బుడ్డలనియు కడపవారు శెనక్కాయలనియు పిలుచు వేరుసెనగలను, కొంత బెల్లమును తీసికొని పొండు. తల్లులు చూచుచుండగా ఆడిన బిడ్డకు ధైర్యము హెచ్చును. ఇరుగుపొరుగు నోళ్లును కొంత మూతపడును. ఇంట ఆడు పిల్ల యున్నయెడల సరియైన బూట్లును, వేళకు కడుపునిండ సంగటియు, తిరిగివచ్చుటకు తగిన తోడును సమకూర్చుడు. ఆమెను మందలించుటకు మునుపు ఒక్కమాఱు ఆమె ఆట చూడుడు.

మా బిడ్డ ఈ యేటి జట్టులో లేదు. జట్టు ముందే నిండినది. వచ్చు ఏటికై ప్రతిదినము ఉదయము అభ్యాసమునకు పోవుచున్నది. ఆమెకు ముందు లేచి పాలు కాచుట మా వంతు. మేము పోగొట్టిన యేడాదిని మాత్రము మరల తెచ్చి యీయలేము. మీరెవరును మావలె ఒక యేడాదిని పోగొట్టకుందురు గాక!