లోకము తిరిగి వచ్చినవారి మూడు గంటలు

దేశసంచారమునకును సుఖజీవనమునకును గల సంబంధమును గూర్చి ఈ ఆదివారపు సంచికకు ముఖచిత్ర కథనమొకటి కావలయుననియు, బుధవారము సాయంకాలమునకు వ్రాతప్రతి అందవలయుననియు కబురు పంపినప్పుడు, సంపాదకుల మనస్సులో మెదలినవి బహుశః విమానములు, మంచుకొండలు, పారిస్ వీథులలో నవ్వుచు నిలుచున్న మన తెలుగు దంపతుల ఛాయాచిత్రములు కావచ్చును. నా మనస్సు మాత్రము బందరు దారి పట్టినది. విహారము చేసినంతమాత్రాన మనిషి సుఖపడునను మాటపై నాకు మొదటినుండియు గురి తక్కువ. చూచివచ్చిన లోకమును ఇల్లు చేరిన పిమ్మట ఏ పనికి వినియోగించితిమన్నదానిని బట్టియే యాత్రాఫలమును లెక్కకట్టవలెనని నా యభిప్రాయము. ఆ లెక్కకు నిలువగలవారి కొఱకు వెదకగా, కూచిపూడికి చేరువనున్న భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు కనబడిరి.

బోయరు యుద్ధకాలమున సైనికుడై దక్షిణాఫ్రికాకు వెళ్లి వచ్చిన యీ మనిషిని ఊరివారు ఒక్క పేరుతో పిలిచి ఊరుకొనలేదు. కంబోడియా ప్రత్తిపై పరిశోధన చేసినందుకు పత్తి వెంకయ్య; వజ్రముల శాస్త్రము నెఱిగినందుకు డైమండు వెంకయ్య; జపాను భాష నేర్చినందుకు జపాను వెంకయ్య. బందరు జాతీయ కళాశాలలో ఉపాధ్యాయుడుగానుండి, నానాదేశముల జెండాలను పరిశీలించి, భారతదేశమునకు తగిన పతాకమెట్లుండవలెనో తెలుపుచు ముప్పది నమూనాలతో 1916లో ఇంగ్లీషున ఒక చిన్న పుస్తకమును ప్రకటించిరి. ఒకరు ప్రపంచమును చూచి బొమ్మలు తెత్తురు, మఱియొకరు బట్టలు తెత్తురు. ఈయన మాత్రము ఇతరుల జెండాలను చూచి, మనకేదీ యన్న ప్రశ్నను తెచ్చుకొనిరి.

బందరు చరిత్ర యందురా, ఒక్క గుక్కలో చెప్పెదను. గోల్కొండ సుల్తానుల రేవు. పదునేడవ శతాబ్దారంభమున డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, ఆ వెనుక ఫ్రెంచివారు దిగిరి. కలంకారీ వస్త్రములు పారసీకమునకు ఓడలెక్కెను. వజ్రవర్తకుడు తావెర్నియే వచ్చిపోయెను. 1759లో కోట ఫ్రెంచివారి చేతినుండి ఇంగ్లీషువారి చేతికి పోయెను. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన సుమారు ముప్పదివేలమందిని మ్రింగెను. 1910లో జాతీయ కళాశాల వెలసెను. లోకమంతయు తానై వచ్చి తలుపు తట్టిన ఊరిలో, ఒకడు లోకము చూడబోవుట వింత కాదు. తిరిగివచ్చి పాఠము చెప్పుచు కూర్చుండుటయే వింత.

ఇక నన్ను పట్టి కూర్చుండబెట్టిన పత్రము. 1921 ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియా పత్రికలో జాతీయ పతాకమును గూర్చి గాంధీగారు వ్రాసిన వ్యాసమది. మన సభలలో వెంకయ్యగారి పేరెత్తినప్పుడెల్ల దీనిని తలతురుగాని, ఇందలి చేదుమాటలను మాత్రము మెల్లగా దాటవేయుదురు. నాలుగేండ్లుగా ప్రతి కాంగ్రెసు సభకును వచ్చి పతాకవిషయమున పట్టు విడువని యీ బందరు అధ్యాపకుని దీక్షను మెచ్చుకొనుచునే, ఆయన తనలో ఎన్నడును ఉత్సాహము పుట్టింపలేకపోయెననియు, జాతి హృదయమును కదలించునదేదియు ఆ నమూనాలలో తనకు కానరాలేదనియు గాంధీగారు మొగమాటము లేక వ్రాసిరి. జెండాపై రాట్నముండవలెనన్న ఆలోచన జలంధరు వాసియగు లాలా హంసరాజ్‌ది. ఆఫ్రికాలోనే గాంధీగారికిని వెంకయ్యగారికిని చెలిమి కుదిరెనని మనము చెప్పుకొను కథకు ఆ వాక్యములలో ఆనవాలైనను లేదు. దానిని నేను నమ్మినంతగా ఇక నమ్మజాలను.

అయినను ఆ వ్యాసమున తరువాతి వాక్యమే నాకు ప్రాణము. బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము కూడినప్పుడు, ఎఱుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నముండునట్లు ఒక నమూనా కావలెనని గాంధీగారు వెంకయ్యగారినే అడిగిరి. మూడు గంటలలో జెండా చేతికి వచ్చెను! సభ ముందుంచుటకు మాత్రము కొంచెము ఆలస్యమైనది. అదియు మేలేయని గాంధీగారు తలచిరి. ఏలయన, హిందూ ముస్లిములతోపాటు తక్కిన మతములవారికిని చోటుండవలెనని పిమ్మట తోచి, తెలుపును చేర్పించిరి. తన ముప్పది నమూనాలును ప్రక్కకు పోయిన పిమ్మట, పరుల ఆలోచనను తన చేతితో తీర్చవలసివచ్చినవాడు అలుకబూనలేదు, గడువడుగలేదు, కూర్చుండి గీసినాడు. ఏండ్ల తరబడి పరదేశముల జెండాలను చూచిన కన్నులు లేనిదే మూడు గంటలలో ఆ పని తెమలునా?

చిలకలపూడి వైపు

గుడివాడనుండి రైలులో బందరు పోవువారికి ముందుగా వచ్చు చిలకలపూడిలో రెండు విశేషములు. మొదటిది పాండురంగని గుడి: పండరిపురము పోనక్కరలేకుండ ఇక్కడను భక్తులు స్వామి పాదములను స్వయముగా తాకి మ్రొక్కవచ్చును. రెండవది రోల్డుగోల్డు నగలు: రాగిపై పలుచని బంగారుపూత, ఆ పూతకు మెఱుగు, ఆ మెఱుగుకు దూరదేశములలో గిరాకి. చేసినవారు ఊరు దాటకున్నను గాజులు సముద్రము దాటును.

రామాపురమునుండి అమెరికాకు

గుడివాడ ప్రాంతపు రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారు తమ పర్యటనానుభవములను ‘నేను చూసిన అమెరికా’ యను పుస్తకముగా వెలువరించిరి. గుడివాడలో ఆయన పేరనే ఒక కళాశాల కలదు. ఆయన విరాళమే అందుకు కారణము.

సుఖమన నేమి?

వెంకయ్యగారు బెజవాడలో గీసిన ఆ జెండా రంగులు 1931లో మారెను. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన పతాకమున రాట్నమునకు మారుగా అశోకచక్రము వచ్చెను. వెంకయ్యగారు 1963 జూలై 4న, కలిమి లేకయే, కన్నుమూసిరి. ఆయన పేర తపాలాబిళ్ల 2009లో వచ్చెను. ఆ లేమిని తలచి జాలిపడుట మన వాడుక. ఉపేక్షించిన సిగ్గు మనది, నిజమే. కాని ఆ సిగ్గును ఆయన బ్రతుకునకంటగట్టి, అదంతయు దుఃఖమయమని తీర్పు చెప్పుట అన్యాయము. ప్రత్తిగింజనుండి వజ్రము వఱకు, వజ్రమునుండి పరభాష వఱకు, ఒకదాని వెంట నొకటిగా కుతూహలము చావక బ్రతికినవానిని అభాగ్యుడనుటకు నాకు నోరాడదు. సుఖమనగా నిశ్చింతగా నుండుటయేయైనచో వెంకయ్యగారికి అది దక్కలేదు. ఎఱిగినదానినంతయు అడిగిన క్షణమున ధారపోయగలుగుటయైనచో, బెజవాడలో ఆయన కది దక్కినంతగా పదిమార్లు భూప్రదక్షిణము చేసినవారికిని దక్కుట అరుదు. కనుక విదేశములనుండి వచ్చిన మిత్రులను ఏమేమి చూచితిరని ఇకమీద నేనడుగను. ఏ పని మొదలుపెట్టితిరని అడుగుదును.