సూది లేకుండా, ఉమ్మితో ఆస్తమా మందు లెక్క

ఇవాళ్టి టాపిక్ పేరు వినగానే కొందరు "ఛీ" అంటారేమో. ఉమ్మి! అవును, మన నోట్లో ఊరే లాలాజలమే. కొన్ని మందులు ఒంట్లో ఎంత ఉన్నాయో అది చెప్పగలదు.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా తాతయ్యకి ఎన్నో ఏళ్లుగా ఆస్తమా. రోజూ థియోఫిలిన్ మాత్ర వేసుకునేవారు. ఒకసారి జ్వరం వస్తే, డాక్టర్ని అడక్కుండా మందుల షాపుకి వెళ్లి సిప్రోఫ్లాక్సాసిన్ తెచ్చిచ్చాను. తెచ్చింది నేనే. కొన్ని రోజులకి వాంతులు, చేతుల వణుకు, గుండె దడ. జ్వరం నీరసమే అనుకున్నాం. హాస్పిటల్లో రక్తం తీసి చూస్తే థియోఫిలిన్ మోతాదు మించిపోయింది. తాతయ్య ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు. మరి ఎలా?

ఈ మందుని విరగ్గొట్టి బయటికి పంపేది లివర్. సిప్రోఫ్లాక్సాసిన్ అక్కడి ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది. దాంతో మందు పోకుండా ఒంట్లోనే పోగవుతుంది. ఎరిత్రోమైసిన్‌తో కూడా ఇలా జరగొచ్చు. సిగరెట్ మాత్రం రివర్స్. పొగ తాగేవాళ్లలో లివర్ ఈ మందుని త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే సిగరెట్ మానేసినప్పుడు పాత డోసే ఎక్కువైపోవచ్చు. మానడం మంచిదే, కానీ డాక్టర్‌కి చెప్పి డోసు సరిచేయించుకోవాలి.

పైగా దీని హద్దు చాలా ఇరుకు. చాలాకాలంగా చెప్పే లెక్క, రక్తంలో మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాములు. ఇప్పుడు ఇంకా తక్కువలో, 5 నుంచి 15 మధ్య ఉంచడానికి చూస్తున్నారు. తక్కువైతే ఆయాసం తగ్గదు. 20 దాటి పెరిగేకొద్దీ గుండె లయ తప్పొచ్చు, ఫిట్స్ కూడా రావొచ్చు. అందుకే కొలవాలి. కానీ చిన్నపిల్లలకి మాటిమాటికీ సూది గుచ్చాలంటే వాళ్లకీ ఏడుపే, అమ్మకీ ఏడుపే.

ఇక్కడే ఉమ్మి పనికొస్తుంది. రక్తాన్ని ఒక బస్సు అనుకోండి. 100 మంది ఎక్కితే సుమారు 40 మంది సీట్లలో కూర్చున్నారు. అంటే రక్తంలోని ప్రోటీన్లకి అతుక్కున్న మందు అన్నమాట. మిగతా 60 మంది నిలబడి ఉన్నారు. స్టాప్ రాగానే దిగగలిగేది వాళ్లే. ఊపిరితిత్తుల్లో పనిచేసేదీ, లాలాజలంలోకి దిగేదీ ఈ అతుక్కోని మందే. కాబట్టి రక్తంలో 10 ఉంటే ఉమ్మిలో సుమారు 6 కనిపిస్తుంది. ఈ నిష్పత్తి మనిషి మనిషికీ కొంచెం మారుతుంది. అందుకే మొదట ఒకసారి రక్తం, ఉమ్మి రెండూ కలిపి చూసుకుంటే లెక్క నమ్మకంగా ఉంటుంది.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. సిరప్ తాగిన వెంటనే ఉమ్మి ఇస్తే నోట్లో అంటుకున్న మందే లెక్కలోకొస్తుంది. నోరు పుక్కిలించి, కాసేపు ఆగి, మామూలుగా తర్వాతి డోసుకి ముందు ఇవ్వాలి. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే ఆ శాంపిల్ పనికిరాదు. ఇన్‌హేలర్ మందులకి ఈ పద్ధతి సరిపోదు, ఎందుకంటే అవి నేరుగా నోట్లోనే పడతాయి. ఇంకో మాట, ఇది ఇంట్లో స్ట్రిప్ పెట్టి చూసుకునే టెస్ట్ కాదు. ల్యాబ్‌లో మెషీన్ మీద చేసేది.

ఈ వీడియో చూసి మీరు ఒక్క పని చేస్తే చాలు. మీ ఇంట్లో ఆస్తమా మాత్రలు వాడేవాళ్లుంటే ఆ స్ట్రిప్ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఏ కొత్త మందు కొనాలన్నా ముందు ఆ ఫొటో డాక్టర్‌కి చూపించండి. ఆ రోజు నేను ఆ పని చేసుంటే తాతయ్య హాస్పిటల్ మెట్లు ఎక్కేవారు కాదు. ఇప్పుడు బాగానే ఉన్నారు, ఈ వీడియో తీస్తుంటే పక్క గదిలోంచి "ఇంకా అవలేదా?" అంటున్నారు. అయిపోయింది తాతయ్యా! మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్.